పైన ఎవరున్నారు?

మా కంట్రోల్ రూమ్‌లో ఆవిడ అసలు పేరు ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. ఎదురుగా అందరూ పిన్నిగారూ అనేవాళ్ళు. వెనకాల పైనెవరమ్మ. తీగ మీద పని అయ్యాక కరెంటు తిరిగి ఇచ్చే ముందు, ఇరవై ఏడేళ్ళుగా, ఆవిడ ఫోన్లో అడిగే మాట ఒకటే: "పైన ఎవరున్నారు?" వాన కురుస్తున్నా, గాలి వీస్తున్నా, అవతల పెద్ద అధికారి ఇంట్లోనే దీపాలు లేకపోయినా అదే ప్రశ్న. జవాబు వచ్చేదాకా ఇంకో మాట ఉండదు. ఆ ప్రశ్నకే ఒక అమ్మ తగిలించి ఎవడో పేరు పెట్టాడు, అది అతుక్కుపోయింది.

ఆవిడ గురించి రాయడానికి నేను తగను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ ఇబ్బంది ఉండదు. నేను ఆ ఆఫీసులోనే కంప్యూటర్ విభాగంలో ఇంజినీర్ని. మా బావ, అంటే మా అక్క భర్త, అదే ఆఫీసు కింద లైన్‌మన్. రోజూ స్తంభాలెక్కేవాడు. అలాంటి ఇంటి మనిషిని కాబట్టి ఆ ప్రశ్న విలువ అందరికంటే నాకే ఎక్కువ తెలిసుండాలి. తెలుసు కూడా. తెలిసే చేశాను.

ఆవిడ పని ఇదీ. ఎక్కడో కొమ్మ విరిగి తీగ మీద పడుతుంది. లైన్‌మన్ ఫోన్ చేసి ఫలానా లైను ఆపించమంటాడు. ఆవిడ సబ్‌స్టేషన్‌కి చెప్పి ఆపిస్తుంది, అతణ్ణి ఎక్కమంటుంది. దీన్నే మేం లైన్ క్లియర్ అంటాం. గదిలో గోడకి ఒక చెక్కబోర్డు ఉండేది. దాని నిండా మేకులు, ఒక్కో మేకు కింద ఒక్కో లైను పేరు. ప్రతి లైన్‌మన్ ఫోటో అంటించిన అట్టముక్క ఆవిడ సొరుగులో ఉండేది. ఎవడు ఎక్కితే వాడి అట్టముక్క ఆ లైను మేకుకి తగిలించేది. వాడు దిగి, తన సొంత గొంతుతో ఫోన్ చేసి "దిగాను పిన్నీ, నాతో ఇద్దరు, ఇద్దరూ దిగారు" అంటేనే అది మేకు మీంచి వచ్చేది. మేస్త్రీ చెప్పినా, ఇంజినీరు చెప్పినా, "నేనే పక్కన నించున్నానమ్మా, నా మాట నమ్మండి" అన్నా కుదరదు.

"నిన్ను నమ్ముతాను నాయనా. వాడికి ఫోనివ్వు" అనేది.

అది ఊరికే వచ్చిన పట్టుదల కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక మేస్త్రీ ఫోన్ చేసి అందరూ దిగారని చెబితే, సరే అని కరెంటు ఇప్పించింది. ఒకడు దిగలేదు. దిగుతుంటే చెప్పు పైన ఇరుక్కుపోయిందని మళ్ళీ రెండు మెట్లు పైకెక్కాడట. బతికాడు కానీ కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. తప్పు మేస్త్రీదని విచారణలో తేల్చారు, ఆవిడ మీద ఈగ వాలలేదు. కానీ ఆవిడ మాత్రం ఆ విషయం ఎప్పుడొచ్చినా దాచుకోకుండా ఒకటే మాట చెప్పేది: "ఆ రోజు నేను అడగలేదు." అంతే. ఏడుపులూ సంజాయిషీలూ ఏమీ ఉండేవి కావు, చెప్పేసి టీ తాగేది.

ఇక ఆఫీసు ఉద్ధారకుల సంగతి.

మా పెద్ద ఇంజినీరుకి ఒక జబ్బు ఉండేది. ఒక్కో ఇంటికి ఏడాదిలో సగటున ఎన్ని నిమిషాలు కరెంటు పోయిందో ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క మీదే పైవాళ్ళు మెచ్చుకోవడం, నొచ్చుకోవడం. ఆయనకి నిద్రలోనూ ఆ నిమిషాలే. అందుకే లైన్‌మన్లు ఆయన్ని నిమిషాల సారు అనేవాళ్ళు. ఎక్కడైనా తీగ తెగిందంటే మనిషికేమైనా అయిందా అని ఆయన అడగగా నేను వినలేదు. "ఎన్ని ఇళ్ళు? ఎంతసేపు?" ఇవే రెండు ప్రశ్నలు. పేరుకి ఇంజినీరు కానీ స్తంభాన్ని కారు అద్దంలోంచి తప్ప చూసి పదిహేనేళ్ళయి ఉంటుంది.

ఆయన తెచ్చిపెట్టిందే ఈ కొత్త సిస్టమ్. కరెంటు పోయిన ఇళ్ళవాళ్ళు ఫోన్లు చేస్తే, ఆ ఫోన్లన్నీ కలిపి చూసి తప్పు ఎక్కడుందో అదే చెబుతుందట. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో అదే పంపుతుందట. ఎప్పుడు తిరిగి వస్తుందో జనానికి అదే సందేశం పెడుతుందట. నిజం చెప్పాలంటే చెడ్డ వస్తువు కాదు. బుద్ధున్నవాళ్ళ చేతిలో పడితే అన్నం పెట్టే వస్తువే. పడలేదు, అంతే.

దాన్ని పెట్టించడానికి ఒక కంపెనీ నుంచి ఎనిమిది మంది వచ్చారు. మెడలో తాళ్ళు, తాళ్ళకి కార్డులు. వాళ్ళ నాయకుణ్ణి మేం స్లైడ్లాయన అనేవాళ్ళం, ఏమడిగినా ఒక స్లైడ్ చూపిస్తాడు కాబట్టి. మంచినీళ్ళెక్కడండీ అన్నా స్లైడ్ తీసేవాడనిపించేది. ఆరు నెలలు మా మీటింగు గదిలో ఏసీ చల్లదనంలో కూర్చుని మా పని ఎలా జరగాలో మాకు చెప్పారు. ఒక్కడంటే ఒక్కడు ఒక్క పూట లైన్‌మన్ జీపు ఎక్కిన పాపాన పోలేదు. ఏ ఇల్లు ఏ లైను మీద ఉందో సర్వే చెయ్యమంటే, చివరి నెలలో ఇంకా మూడో వంతు ఇళ్ళు మిగిలిపోయాయి. వాటన్నిటినీ దగ్గర్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి తగిలించి నూటికి నూరు శాతం పూర్తి అని పచ్చరంగు కొట్టుకున్నారు. ఆ రోజు మిఠాయిలు పంచారు. నేనూ రెండు తిన్నాను.

మీటింగుల్లో పిన్నిగారిని కూడా కూర్చోబెట్టేవాళ్ళు, పాత సిబ్బంది అభిప్రాయం తీసుకున్నామని రాసుకోవడానికి. అయిదో మీటింగులో స్లైడ్లాయన ఆ చెక్కబోర్డు ఫోటో తెర మీద వేశాడు. కింద ఎర్ర అక్షరాలతో 'ప్రస్తుత దుస్థితి' అని రాసి ఉంది. అందరూ నవ్వారు. ఆవిడ కళ్ళద్దాలు సరిచేసుకుని చూసింది.

"ఇకమీదట మేకులు ఉండవమ్మా. సిస్టమ్‌లో ట్యాగ్ ఉంటుంది. ఎవరైనా ఎక్కితే ఆ లైను మీద ట్యాగ్ పడుతుంది. ట్యాగ్ ఉన్నంతసేపూ ఎవ్వరూ కరెంటు ఇవ్వడానికి లేదు" అన్నాడు స్లైడ్లాయన, చిన్నపిల్లలకి చెప్పినట్టు.

"బాగుంది బాబూ. ఆ ట్యాగ్ దేనికి కట్టి ఉంటుంది?" అంది ఆవిడ.

"అంతరాయానికి. కరెంటు పోయిందని ఒక కేసు తెరుస్తాం కదా, దానికి."

"కేసు మూసేస్తే?"

"దాని కింద ఉన్నవన్నీ వాటంతటవే క్లీన్ అయిపోతాయి. అదే దీని గొప్పతనం."

"క్లీన్ అంటే?"

"పోతాయమ్మా."

"ట్యాగ్ పోతుంది, సరే. స్తంభం మీదున్న మనిషి ఎక్కడికి పోతాడు?"

గదంతా గొల్లున నవ్వింది. నిమిషాల సారు కూడా నవ్వి, "పని కాకుండా కేసెందుకు మూస్తామండీ, మేమేమైనా పిచ్చోళ్ళమా?" అన్నారు. మీటింగు మినిట్స్‌లో ఆ సంభాషణ ఒకే వాక్యమైంది: సీనియర్ సిబ్బందికి అదనపు శిక్షణ అవసరం. రాసింది నేనే.

పని కాకుండా కేసెందుకు మూస్తారో వినండి. సిస్టమ్ మొదలైన రెండో నెలకే నిమిషాల సారుకి గుండెదడ పట్టుకుంది. ఎందుకంటే ఇదివరకు పుస్తకంలో కాకిలెక్కలు రాసుకునే వీలుండేది. ఇప్పుడు సిస్టమ్ ప్రతి నిమిషాన్నీ పట్టుకుంటోంది. రెండు గంటలు దాటిన కేసు పైవాళ్ళ తెర మీద ఎర్రగా కనిపిస్తోంది. నన్ను పిలిచి తలుపు వేశారు.

"ఏదో ఒకటి చూడవయ్యా. పుస్తకాలు చదువుకున్నవాడివి" అన్నారు.

చూశాను. ముందుగా ప్రకటించి చేసే మరమ్మతు ఆ లెక్కలోకి రాదు. కాబట్టి కేసు రెండు గంటలకి చేరుతుండగా దాన్ని మూసెయ్యడం, అదే లైను మీద 'ముందే ప్రకటించిన మరమ్మతు' అని ఇంకో కేసు తెరవడం. ఎవరికీ ప్రకటించింది లేదు, ఏమీ లేదు. మసిపూసి మారేడుకాయ చెయ్యడం. కాకపోతే పాత కేసు మూసినప్పుడు దానితోపాటు ట్యాగ్ పోయేది. పిన్నిగారు అడిగిందే. అందుకని కొత్త కేసు తెరవగానే ట్యాగ్‌ని నేను చేత్తో మళ్ళీ తగిలించేవాణ్ణి. మధ్యలో ఒక నిమిషం, ఒక్కోసారి రెండు నిమిషాలు, ఆ లైను మీద ఎవరూ లేనట్టే తెర చూపించేది. ఆ నిమిషం గురించి నేను ఎవరికీ చెప్పలేదు. నిమిషాల సారుకి చెప్పానేమో అని మీరనుకోవచ్చు. ఆయనకీ చెప్పలేదు. చెబితే ఉపాయం పాతబడిపోతుందని, నా తెలివికి విలువ తగ్గుతుందని భయం.

మూడు నెలల్లో మా లెక్క అందరికంటే మెరుగైంది. నిమిషాల సారు ఎక్కడికెళ్ళినా డబ్బా కొట్టుకోవడమే. చెక్కబోర్డు ఊడదీశారు. గోడ మీద మేకుల గుర్తులు తెల్లసున్నంతో కప్పి, పెద్ద తెర పెట్టారు. పిన్నిగారిని ఒక మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి జనం ఫిర్యాదుల ఫోన్లు తీయమన్నారు. ఆవిడ వెళ్ళి ఫోన్లు తీసింది. కానీ లైన్‌మన్లు మాత్రం ఎక్కేముందు ఆవిడ సొంత మొబైల్‌కి ఫోన్ చెయ్యడం మానలేదు. కొత్త సిస్టమ్‌లో లైన్‌మన్ అంటే ఆరంకెల నంబరు. వాళ్ళకది నచ్చలేదు. "పిన్నీ, ఎక్కుతున్నా" అని చెబితే గానీ వాళ్ళకి కాలాడేది కాదు. ఆవిడ ఒక బడిపిల్లల నోట్‌బుక్‌లో రాసుకునేది. నిమిషాల సారు చూసి మొహం మాడ్చుకునేవారు.

"ఆవిడ చాదస్తం ఇంకా వదల్లేదా?" అని నన్నడిగారొకసారి.

"వదుల్తుంది సార్, ఇంకో ఏడాదిన్నరేగా రిటైర్మెంట్" అని నేను పళ్ళికిలించాను.

అలా ఉండగా ఒక రోజు మధ్యాహ్నం మా సిస్టమ్ చూడ్డానికి వేరే సంస్థల నుంచి తొమ్మిది మంది వచ్చారు. ఒంటిగంటకి ఊరి అంచున ఒక లైను మీద చెట్టు పడింది, రెండు వేల మూడొందల ఇళ్ళు. వచ్చినవాళ్ళు పెద్ద తెర ముందు నిలబడి, తెర మీద ఆ ముక్క ఎలా మెరుస్తోందో చూస్తూ ఆహా ఓహో అంటున్నారు. స్లైడ్లాయన కొత్త చొక్కా వేసుకుని వివరిస్తున్నాడు. నిమిషాల సారు మాత్రం గడియారం వైపు, నా వైపు చూస్తున్నారు. మధ్యాహ్నం రెండూ నలభై ఎనిమిదికి, గడువుకింకా పన్నెండు నిమిషాలుందనగా, కనుబొమ్మ ఎగరేశారు.

నేను పాత కేసు మూసేశాను. కొత్తది తెరిచాను. ట్యాగ్ తగిలించబోతుంటే ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యేశారు.

"మ్యాప్ పెద్దది చెయ్. అతిథులకి సరిగ్గా కనబడట్లేదు."

చేశాను. ట్యాగ్ లేని లైను పక్కన పచ్చటి అక్షరాలు వచ్చాయి: కరెంటు ఇవ్వడానికి సిద్ధం. అతిథులు ఆ మాట పైకి చదివారు. నిమిషాల సారు మొహం వెలిగిపోయింది. "చూశారా, రెండు గంటల లోపే. ఇచ్చేయమనవయ్యా" అన్నారు.

ఇక్కడ నేను మరచిపోయానని అబద్ధం చెప్పగలను. చాలామందికి అలాగే చెప్పాను. మరచిపోలేదు. ట్యాగ్ నేను పెట్టలేదని నాకు గుర్తుంది. పాత కేసులో ఆ ఆరంకెల నంబరు ఎవరిదో ఒక్కసారి కూడా చూడలేదన్నది కూడా నిజం. తొమ్మిది మంది ముందు "ఆగండి సార్, ఒక్క నిమిషం" అనడానికి నాకు సిగ్గేసింది. ఇంతసేపయింది, దిగే ఉంటారులే అనుకున్నాను. ఫోన్ తీసి సబ్‌స్టేషన్‌కి కలిపాను.

అవతల ఉన్నవాడు ఆర్నెల్ల కింద చేరిన కాంట్రాక్టు మనిషి. తెర తప్ప ఇంకేదీ నేర్పలేదు వాడికి. "సార్, ట్యాగేం లేదు. ఇచ్చెయ్యనా?" అన్నాడు.

"ఇచ్చెయ్" అన్నాను.

మూల బల్ల దగ్గర కుర్చీ చప్పుడైంది.

"పైన ఎవరున్నారు?"

ఎంత గట్టిగా అరిచిందంటే స్లైడ్లాయన చేతిలోంచి రిమోట్ జారింది. నిమిషాల సారు నవ్వు మొహంతోనే పళ్ళు బిగించి, "కూర్చోండమ్మా. తెర చూడండి, ఎవ్వరూ లేరు" అన్నారు.

ఆవిడ ఆయన వైపు చూడనే లేదు. నా వైపు చూసింది. "మీ బావ ఉన్నాడు" అంది.

నా చేతిలో ఫోనుంది, ఆగమని ఒక్క మాట అంటే చాలు. అనలేకపోయాను. ఆవిడే నా చేతిలోంచి లాక్కుంది. "ఆగు! చెయ్యి తియ్యి, చెయ్యి తియ్యి దాని మీంచి. పైన ముగ్గురున్నారు." అవతలివాడు అప్పటికే మూత తీసి స్విచ్ మీద చెయ్యి పెట్టాడని తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఆవిడ తన మొబైల్లో బావకి ఫోన్ చేసి, గదంతా వినబడేలా స్పీకర్ పెట్టింది.

"ఎక్కడున్నావు నాయనా?"

"పైనే పిన్నీ. కొమ్మ తియ్యడం అయిపోయింది, తీగ అతుకుతున్నాం. ఇంకో అరగంట. ఏం?"

"ఏం లేదు. నెమ్మదిగా కానియ్" అంది.

పని చేసేటప్పుడు తీగని భూమికి కలిపే గొలుసు కట్టుకోవాలి కదా, పొరపాటున కరెంటొచ్చినా భూమిలోకి పోతుంది కదా అని తెలిసినవాళ్ళు అడుగుతారు. నిజమే, కట్టుకోవాలి. నాలుగు జట్లకి ఒక్క గొలుసు ఉంది. ఆ రోజు అది ఇంకో జట్టు దగ్గరుంది. పెద్ద తెర కొన్న ఆఫీసుకి గొలుసులు కొనడానికి తీరిక దొరకలేదు.

అతిథుల్లో ఒకాయన మెల్లగా అడిగాడు, ఇదంతా ఏమిటని. నిమిషాల సారు తడబడలేదు, ఆ గుణం మాత్రం ఒప్పుకోవాలి. "డ్రిల్ అండీ. భద్రతా డ్రిల్. అప్పుడప్పుడూ ఇలా చెప్పకుండా చేస్తుంటాం" అన్నారు. తొమ్మిది మందీ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అలవాటు.

ఆ సాయంత్రమే పిన్నిగారు ఒక పేజీ ఉత్తరం రాసి పై ఆఫీసుకి పంపింది. ఎవరినీ తిట్టలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు. కేసు మూసినా ట్యాగ్ పోకూడదు, ఎక్కినవాడు తన గొంతుతో దిగానని చెబితేనే తియ్యాలి, ఆ ఒక్క మార్పు చెయ్యండి, లేకపోతే ఎవరైనా చచ్చిపోతారు. అంతే ఉంది అందులో. దాంతో నిమిషాల సారుకి చెమటలు పట్టాయి. ట్యాగ్ ఎందుకు పోయిందని పైవాళ్ళు తవ్వితే, కేసులు ఎందుకు మూసి తెరుస్తున్నారన్నది బయటపడుతుంది. అది బయటపడితే మూడు నెలల గొప్ప లెక్కంతా గంగలో కలుస్తుంది. వారం తిరక్కుండా ఆవిడకే మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా కంట్రోల్ రూమ్ పనిలో జోక్యం, సొంత ఫోన్ వాడకం, అతిథుల ముందు అనవసర భయాందోళన. డ్రిల్ అన్న నోటితోనే. ఏం మనుషులో!

విచారణకి వచ్చిన అధికారి మర్యాదస్తుడు, రెండు పెన్నులు పట్టుకొచ్చాడు. మా బావ వచ్చి ఆ టైముకి నేను స్తంభం మీదే ఉన్నానని చెప్పాడు. సిస్టమ్‌లో దానికి ఆధారం లేదన్నారు. "ఆధారమేంటండీ, నేను కదా!" అన్నాడు బావ. సిస్టమ్‌లో లేదు, అని మళ్ళీ అన్నారు. పిన్నిగారి నోట్‌బుక్ చూపిస్తే అది అధికారిక రికార్డు కాదన్నారు. ఇక మిగిలింది నేను. కేసు ఎవరు మూశారో, ఎందుకు మూశారో, అలా ఎన్నిసార్లు మూశారో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను నోరు విప్పితే ఆవిడ అడిగిన మార్పు జరుగుతుంది. లేకపోతే స్తంభం ఎక్కే ప్రతివాడూ, బావతో సహా, నా ఆ నిమిషం కింద బతకాలి. ఇది నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

నా సాక్ష్యానికి ముందురోజు నిమిషాల సారు నన్ను కాఫీకి పిలిచారు. బెదిరించలేదు. "లాగిన్ నీదే కదయ్యా. చూసి రాయి" అన్నారు, అంతే.

రాశాను. మధ్యాహ్నం రెండూ యాభై ఒకటికి తెర మీద ఆ లైనుకి ఏ ట్యాగూ లేదని, ట్యాగ్ లేనప్పుడు నిబంధనల ప్రకారం కరెంటు ఇవ్వవచ్చని రాసి సంతకం పెట్టాను. చూశారా, ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా చదువంతా దానికే పనికొచ్చింది.

సాక్షిని ఏమైనా అడుగుతారా అని అధికారి పిన్నిగారిని అడిగాడు. ఆవిడ నా కాగితం చివరిదాకా చదివింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ ట్యాగ్ ఎవరు తీశారు?"

"సిస్టమ్ తీసిందండీ" అన్నాను.

కాసేపు నన్నే చూసింది. కోపంగా చూసినా బాగుండేది. జ్వరంగా ఉన్నవాణ్ణి చూసినట్టు చూసింది. "సరే, రాసుకోండి. నాకింకేం అడగాలని లేదు" అంది అధికారితో.

ఆవిడని ఊరికి ఆ చివరనున్న పాత మీటర్ల గోదాముకి బదిలీ చేశారు. వెళ్ళేరోజు వీడ్కోలు సభ పెడతామంటే వద్దంది. నిమిషాల సారుకి ఆ ఏడు జ్ఞాపిక వచ్చింది. ఫోటోలో ఎడమ నుంచి మూడోవాణ్ణి నేను. స్లైడ్లాయన ఇంకో ఊళ్ళో ఇంకో ఆఫీసుని ఉద్ధరించడానికి వెళ్ళాడు. ట్యాగ్ సంగతి తర్వాతి వెర్షన్‌లో చూస్తామని కంపెనీ ఉత్తరం రాసింది. ఇప్పటికీ కేసులు మూస్తున్నాను, తెరుస్తున్నాను, ట్యాగ్ చేత్తో తగిలిస్తున్నాను. ఇప్పుడు చాలా జాగ్రత్తగా తగిలిస్తున్నానని చెబితే నవ్వుతారేమో. నవ్వండి.

ఒకటి మాత్రం మాకెవరికీ అర్థం కాలేదు చాలాకాలం. తెర మీద అన్నీ సిద్ధమైనా, ఎక్కమని మేం సందేశం పంపినా, లైన్‌మన్లు అయిదు నిమిషాలు ఆలస్యంగా ఎక్కుతున్నారు. దిగాక మాకు చెప్పడంలోనూ అంతే. నిమిషాల సారు ఆ నిమిషాల కోసం గింజుకున్నారు. నన్ను కనుక్కోమన్నారు. కనుక్కోవడానికి ఒక ఆదివారం పొద్దున అక్క ఇంటికి వెళ్ళాను. మొహం చెల్లక విచారణ తర్వాత నేను ఆ గడప తొక్కలేదు. అక్క చేతులు కడుక్కోమని కంచం పెట్టింది.

బావ డ్యూటీకి బయల్దేరుతున్నాడు. సంచిలో చేతితొడుగులు పెట్టుకుని, నన్ను చూసి "ఏరా, బాగున్నావా?" అన్నాడు, ఎప్పుడూ అన్నట్టే. సంతకం గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. అక్క గుమ్మం దాకా వెళ్ళింది. నాకు వినబడకూడదని గొంతు తగ్గించలేదు, వినబడాలని పెంచనూ లేదు.

"ఎక్కేముందు పిన్నిగారికి ఫోన్ చేస్తావుగా?"

"చేస్తానే. అందరం చేస్తున్నాంగా, గోదాముకి. ఆవిడే సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి కనుక్కుని చెబుతుంది."

"ఆవిడ సరేనంటేనే ఎక్కు. మా తమ్ముడు ఎక్కమన్నాడని ఎక్కకు."

బావ బండి తీసి వెళ్ళిపోయాడు. అక్క తలుపు దగ్గరగా వేసి వచ్చి, గరిటె తీసుకుని నా ఎదురుగా కూర్చుంది.

"చల్లారిపోతోంది, తినరా" అంది.

తిన్నాను.